గుణుపురం మిల్లులో తీగలు లాగబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, రాయగడ నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుణుపురం దగ్గరి ఉప్పుడు బియ్యం మిల్లులో రెండు డ్రైయర్ల వేడిని ఆఫీసు గదిలోని తెర మీద చూపించే పని నువ్వే సొంతంగా ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇళ్ళలో ఇలాంటి పనికి ముందుకు వచ్చిన మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ సంగతి ఇక్కడ కనబడిన ప్రతివారికీ చెప్పుకుంటున్నాను. అయితే ఆ మిల్లులో బ్లోయర్లన్నీ వేగం మార్చే డ్రైవ్‌ల మీద నడుస్తాయని విన్నప్పటి నుండి నా మనసు కుదురుగా లేదు. అలాంటి డ్రైవ్ నుండి మోటారుకు వెళ్ళే తీగలలో వోల్టేజీ సెకనుకు వేలసార్లు తెగుతూ కలుస్తూ ఉంటుంది. పక్కన ఏ సన్నని సంకేతం పోతున్నా దానిని అది చెడగొట్టగలదు. అందుకే ఈ ఉత్తరం.

పని ఎలా జరుగుతుందో నీకు చదువులో చెప్పే ఉంటారు, అయినా మరొకసారి విను. రెండు తీగలను పక్కపక్కన పరిస్తే వాటి మధ్య ఉన్న సందులో నుండి మోటారు కేబులు పుట్టించే అయస్కాంత క్షేత్రం దూసుకుపోతుంది. ఆ సందు ఎంత పెద్దదైతే సంకేతంలో అంత అక్కరలేని వోల్టేజీ చేరుతుంది. అదే తీగలను మెలిపెడితే సందు చిన్న చిన్న ఉచ్చులుగా విడిపోతుంది. ఒక ఉచ్చులో పుట్టినది పక్క ఉచ్చులో పుట్టినదానికి ఎదురు దిశలో ఉండడం వల్ల రెండూ ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. మిగిలిన కాస్త అలజడి రెండు తీగల మీదా ఒకే విధంగా పడుతుంది కనుక, తీగల మధ్య తేడాను మాత్రమే చదివే పరికరానికి అది కనబడదు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందిన పద్ధతి ఇదే. స్తంభాల మీద తీగలు లాగిన రోజుల్లో, మెలిపెట్టడం కుదరక, కొన్ని స్తంభాలకొకసారి రెండు టెలిఫోను తీగల చోట్లు మార్చేవారని మీ తాతగారు చెప్పేవారు. పర్లాకిమిడి వెళ్ళేటప్పుడు రైలు కిటికీలో నుండి ఆయన ఆ తీగలను చూపించి, ఏది పైకి వచ్చింది, ఏది కిందికి పోయింది అని నన్ను అడిగేవారు. నాకు ఈ విద్య మీద ఇష్టం అక్కడే మొదలైంది.

తెలిసిన సంగతులు గబగబా చెబుతాను. మోటారు కేబులు ఉన్న పైపులో సంకేతపు తీగను ఎప్పుడూ వేయవద్దు; కనీసం ఒక అడుగు ఎడం ఉంచు, దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించు. డ్రైయర్ నుండి ఆఫీసుకు ఆర్ఎస్-485, అంటే రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాగా అంకెలు పంపే పద్ధతి, వాడుతున్నావు కనుక తీగను ఒక పరికరం నుండి మరొక పరికరానికి వరుసగా తీసుకుపో, నక్షత్రంలా కొమ్మలు వేయవద్దు. రెండు కొసలలోనూ 120 ఓమ్‌ల రెసిస్టరు పెట్టు, మధ్యలో పెట్టవద్దు. ఆ పద్ధతి 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది, నీ మిల్లు అంత పెద్దది కాదు. జంటతో పాటు, పరికరాలన్నిటికీ ఉమ్మడి సున్నాగా ఉండే రిఫరెన్సు తీగ ఒకటి తప్పక వేయి.

ఇక నన్ను నిజంగా భయపెట్టే సంగతికి వస్తాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కర్మాగారంలో వేడిగాలి గదులు రెండు ఉండేవి. వాటి వేడిని కొలిచే థర్మోకపుల్ తీగలను ఒక కాంట్రాక్టరు మనుషులు లాగారు. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగల జంట, వేడిని బట్టి సన్నని వోల్టేజీ ఇస్తుంది. ఒకే తొడుగులో రెండు జంటలు. ప్రతి జంటలోనూ పాజిటివ్ పసుపు, నెగటివ్ ఎరుపు. జంక్షను బాక్సులో తొడుగు వలిచి, మెలి విప్పి, ఎరుపులన్నీ ఒక పక్క, పసుపులన్నీ ఒక పక్క పేర్చుకున్న తరువాత ఏ ఎరుపు ఏ పసుపుకు జోడో వారు చూడలేదు. మొదటి గదికి మొదటి జంటలోని పసుపు, రెండో జంటలోని ఎరుపు కలిపారు. రెండో గదికి మిగిలినవి. రెండు ఎరుపులూ ఒకే లోహం, రెండు పసుపులూ ఒకే లోహం. మీటరు పెట్టి చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి, మోటార్లు ఆగి ఉన్నప్పుడు రీడింగు కూడా సరిగ్గానే వచ్చింది. కాగితం మీద సంతకాలు అయిపోయాయి.

మోటార్లు తిరగడం మొదలుపెట్టగానే ముల్లు గెంతసాగింది. కె రకం థర్మోకపుల్ ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే. ఒక మిల్లీవోల్టు అలజడి చొరబడితే 24 డిగ్రీల తేడా కనబడుతుందన్న మాట. జోడు విడిపోయిన తీగలు మెలిపెట్టి ఉన్నా లేనట్టే, ఎందుకంటే సంకేతం వెళ్ళే తీగ ఒక మెలిలో, తిరిగివచ్చే తీగ మరొక మెలిలో ఉన్నాయి. వేడి మితిమీరిందని బజరు రాత్రంతా ఊరికే మోగేది. పనివాళ్ళు కొన్నాళ్ళు పరుగెత్తి చూసి వచ్చారు, తరువాత విసుగెత్తి బజరు తీగ పీకివేశారు. వారిని నేను తప్పుపట్టను. ఒక రాత్రి వేడి నిజంగానే పెరిగింది. సరుకు మాడిన వాసన వచ్చి ఒక హెల్పరు తలుపు తెరిచాడు, వేడిగాలి ఒక్కసారిగా బయటికి కొట్టి అతని కుడిచేయి మోచేతి వరకు కాలిపోయింది. నా ఈడువాడే. చేతిని నీళ్ళ డ్రమ్ములో ముంచి పట్టుకున్నది నేను.

తప్పును పట్టుకున్నది మా ఫోర్‌మన్ గారు. ఆయన మీటరు తీయలేదు. టార్చి వెలుతురులో కేబులు తొడుగును మరో జానెడు వెనక్కి వలిచి, మెలి ఇంకా చెక్కుచెదరని చోట ఒక జంటను వేళ్ళతో పట్టుకుని, అక్కడి నుండి టెర్మినల్ దాకా తడుముకుంటూ వచ్చారు. అప్పుడు గాని తెలియలేదు. అందుకని చెబుతున్నాను తల్లీ, తొడుగు వలిచిన క్షణంలోనే, మెలి విప్పకముందే, జంటకు నంబరు వేసిన చిన్న గొట్టం తగిలించు. టెర్మినల్ దగ్గర అవసరమైనంత మాత్రమే విప్పు. వీలైతే అర అంగుళం దాటనీయవద్దు. తీగ తెగలేదని మీటరు మోగింది కదా అని ఎవరైనా నిన్ను తొందరపెడితే వినవద్దు, అది మిల్లు యజమాని అయినా సరే.

తీగల చుట్టూ ఉండే లోహపు పొరను, అంటే షీల్డును, ఎర్త్‌కు ఆఫీసు గది వైపు మాత్రమే కలుపు. రెండు వైపులా కలిపితే షెడ్డు ఎర్త్‌కూ ఆఫీసు ఎర్త్‌కూ ఉన్న తేడా వల్ల ఆ షీల్డులోనే కరెంటు పారుతుంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో మన వైపు పిడుగులు ఎలా పడతాయో నీకు తెలుసు. ఆరుబయట నడిచే తీగ రెండు కొసలలోనూ, పిడుగు వల్ల వచ్చే వోల్టేజీని నేలలోకి మళ్ళించే సర్జ్ అరెస్టరు పెట్టకుండా పని ముగించవద్దు. దాని ఖర్చు వారు ఒప్పుకోకపోతే నాకు చెప్పు, నేను ఇస్తాను. ఉరుము వినబడితే నిచ్చెన దిగి లోపలికి వచ్చేయి. ఈ ఒక్క మాటలో నీతో బేరం లేదు.

చివరి పరీక్ష మోటార్లు ఆపి చేయవద్దు. బ్లోయర్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతుండగా, తరువాత వేగం తగ్గించి, అంకెలు నిలకడగా ఉన్నాయో లేదో ఒక పూట కూర్చుని చూడు. బజరును నిజంగా మోగించి, పనివాళ్ళందరికీ వినిపించు.

నువ్వు భోజనం మానేసి పనిచేస్తావని మీ అమ్మ బాధపడుతోంది. మిల్లులో ధూళి ఎక్కువ, ముక్కుకు గుడ్డ కట్టుకో. జంక్షను బాక్సు మూత బిగించే ముందు నంబర్లు కనబడేలా ఫొటో తీసి నాకు పంపు. అది చూసి సరేనన్నాకే మూత వేయి.

ఆశీస్సులతో,
మామయ్య