ఒక గది, వంటిల్లు, మేకు కొట్టనివ్వని ఓనరు: సామాను ఎక్కడ పెట్టాలి?

కడపలో 10×10 గది, చిన్న వంటిల్లు, నలుగురు మనుషులు. గోడకు మేకు కొట్టొద్దన్నారు, సజ్జ నిండిపోయింది. బియ్యం, ఏడాదికి సరిపడా చింతపండు, పట్టుచీరలు ఎక్కడ పెట్టాలని ఆ ఇంటివాళ్లు అడిగారు. కొత్త బీరువా సంగతి తర్వాత చూద్దాం, ముందు సజ్జ మీది సామానంతా దించండి.

సజ్జ మిద్దెకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో అన్నిటికంటే వేడెక్కేది అదే. అక్కడ పెట్టిన చెనిక్కాయ విత్తనాలు నూనె చెడి చేదెక్కుతాయి, ప్లాస్టిక్ డబ్బాలు పెళుసుబారతాయి, మందులు పాడవుతాయి. ఏడాదికి రెండుసార్లకు మించి అవసరం పడనివి, ఒంటి చేత్తో దించగలిగినవి మాత్రమే పైన ఉండాలి. సూట్‌కేసులు ఖాళీగా ఉంచకుండా రగ్గులు, బొంతలు వాటిలోనే పెట్టండి. పెద్ద ఇత్తడి బోకులు కిందికి రావాలి, స్టూలెక్కి అంత బరువు దించడం ప్రమాదం. సజ్జ గోడల్లో చొప్పించిన ఒంటి బండైతే దాని మీద మోకాలు కూడా ఆనించకండి.

సూట్‌కేసుల్లాగే కూలర్‌నూ ఖాళీగా ఉంచొద్దు. వానాకాలంలో దాన్ని పక్కన పెట్టేటప్పుడు నీళ్లు పూర్తిగా తీసేసి, గడ్డి పలకలు రెండురోజులు ఎండలో ఆరబెట్టండి. తడి మిగిలితే బూజు పట్టి, మళ్లీ వేసిన రోజే ఇల్లంతా వాసన. ఎండిన తొట్టిలో పరుపు దుప్పట్లు కవర్లో చుట్టి పెట్టొచ్చు. శివరాత్రి పోయాక కూలర్ వాడకంలోకి వస్తుంది, అప్పటికి రగ్గులు పైకెక్కుతాయి. ఒకదాని చోటు ఇంకొకదానికి.

మేకు లేకుండా అలమార కావాలంటే మన దగ్గర నాపబండకు మించింది లేదు. యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండ కావలసిన కొలతకు కోయించుకోవచ్చు. మూడడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, అంగుళం మందం చాలు. చదరపు అడుగుకు ఆరు కిలోల పైనే బరువు తూగుతుంది, అంటే ఈ ముక్క దాదాపు 24 కిలోలు. ఇద్దరు పట్టుకోవాలి. సిమెంటు ఇటుకల మీద రెండు వరసలు మాత్రమే వేయండి, పై బండ మోకాలి ఎత్తు దాటకూడదు. సిమెంటు పెట్టి కట్టకుండా పేర్చింది కాబట్టి అంతకు మించితే పిల్లలు పట్టుకుని ఎక్కినా ఒరుగుతుంది. చివరల కింద ఇటుకలు పెట్టి ఊరుకోకుండా నడిమధ్యలో కూడా పెట్టండి. నాపబండ వంగదు, ముందు చెప్పకుండా విరుగుతుంది. ఐదడుగుల బండకు రెండు చివరలే ఆధారంగా ఉంచి, మధ్యలో బియ్యం మూట దించితే జరిగేది అదే. కొనేటప్పుడు బండ వెడల్పుకు అడ్డంగా పోయే తెల్లటి గీతలున్నది వద్దనండి. నాణెంతో కొట్టి చూడండి: ఖంగుమంటే మంచిది, బొద్దు చప్పుడైతే లోపల బీట ఉంది.

కింది వరసలో బియ్యం. 25 కిలోలకు సుమారు 30 లీటర్ల డబ్బా కావాలి. మూటను నేల మీద పెట్టొద్దు, చెమ్మ తగిలితే పురుగు తొందరగా పడుతుంది.

చింతపండు గింజ తీసి, ఒకరోజు ఎండబెట్టి, కిలోకు గుప్పెడు కల్లుప్పు కలిపి జాడీలో అదిమి పెట్టండి. స్టీలు డబ్బా వద్దు, ఉప్పూ పులుపూ కలిసి దాన్ని తినేస్తాయి. జాడీ కింద పళ్లెం తప్పనిసరి. నాపబండ సున్నపురాయి, చింతపండు రసమో ఊరగాయ పులుసో కారితే తెల్లటి మచ్చ పడిపోతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

వంటింట్లో గుండ్రటి డబ్బాలు మానేసి చదరపువి వాడితే ఐదోవంతు చోటు కలిసొస్తుంది. గ్యాస్ సిలిండర్‌ను మాత్రం చోటు కోసం తలుపుల బీరువాలో దాచడం, మంచం కింద పడుకోబెట్టడం చేయకండి. లీకైన గ్యాస్ గాలికంటే బరువు, నేల దగ్గరే నిలిచిపోతుంది. గట్టు కింద, తలుపు లేని చోట, నిలువుగా ఉండాలి.

ఇక 6×4 మంచం. కింద 30×18 అంగుళాల ట్రంకు పెట్టెలు నాలుగు పడతాయి, ముందు రెండు, వెనక రెండు. కొనేముందు మంచం పట్టె కింద ఎత్తు కొలవండి, పెట్టె దానికంటే రెండంగుళాలు తక్కువుండాలి. మంచం గోడకు ఆనుకుని ఉంటే వెనక పెట్టెల కోసం ముందువి లాగాలి కాబట్టి పట్టుచీరలు, పత్రాలు వెనక్కి, పిల్లల బట్టలు ముందుకు. ప్రతి పెట్టె కింద నాలుగు టైల్ ముక్కలు పెడితే ఇల్లు తుడిచిన తడికి తుప్పు పట్టదు, చెదలు ఎక్కినా కంటబడతాయి.

ధర్మవరం చీరలను ప్లాస్టిక్ కవర్లోంచి తీసి పాత నూలు పంచెలో చుట్టండి. పెట్టె అడుగున న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా చిన్న గుడ్డలో కట్టి మూలన పెట్టండి. మూడు నెలలకోసారి తీసి, మడత మార్చి, నీడన గాలికి ఆరేయండి. ఒకే మడత ఏళ్లపాటు ఉంటే ఆ గీత వెంబడే పట్టు చీలుతుంది.