స్నానాల నీళ్లకు ఏది చవక: కట్టెలా, గ్యాసా, కరెంటా?

పలాస వైపు పుష్యమాసపు చలికి బకెట్టు వేన్నీళ్లు తప్పవు. ముందు ఒక లెక్క. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి హీటరు రాడ్డు సుమారు అర యూనిట్ కరెంటు తింటుంది. అదే పని గ్యాసు పొయ్యి మీదైతే 60 గ్రాముల గ్యాసు పడుతుంది. మంటలో మూడో వంతుకు పైగా గిన్నె అంచుల పక్క నుంచి గాలిపాలే.

14.2 కిలోల సిలిండరు 900 రూపాయలనుకుంటే, గ్యాసుతో బకెట్టుకు దాదాపు 3 రూపాయల 80 పైసలు. కరెంటు యూనిట్ 6 రూపాయలైతే 3 రూపాయలే. కానీ చూడాల్సింది బిల్లులో మీ చివరి శ్లాబు ధర. నలుగురున్న ఇంట్లో ఈ నీళ్లకే నెలకు 60 యూనిట్లు అదనం. అవి పై శ్లాబులోకి ఎక్కి, యూనిట్ ఎనిమిది రూపాయలు దాటితే గ్యాసే నయం.

కట్టెల పొయ్యికి బకెట్టుకు కిలో దాకా ఎండు సరుగుడు కావాలి. పెరటి పుల్లలైతే ఖర్చే లేదు. కొనేవాళ్లు కిలో నాలుగు రూపాయలు దాటితే కట్టెలు మానేయడం మేలు. పచ్చి కట్టెలైతే పొగే తప్ప వేడి రాదు.

జీడిపిక్కల తొక్కు బాగా మండుతుంది నిజమే, కానీ ఇంటి పొయ్యిలో వద్దు. అందులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పొగ కళ్లను మండిస్తుంది.

రాడ్డు వాడేవారు ప్లగ్గు తీశాకే నీళ్లలో వేలు పెట్టండి.