కార్డు కొనే ముందు డబ్బా విప్పి చూడండి

ప్రశ్న: మాది నరసన్నపేట. ధాన్యం మిల్లు లెక్కల కోసం 2019లో విశాఖలో ఒక ఆఫీసువారు వాడి తీసేసిన కంప్యూటర్ కొన్నాము. టవర్ డబ్బా, ఐ5-3470 ప్రాసెసర్, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, 275 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మానిటర్ 1366×768, దానికి వీజీఏ తీగ ఒక్కటే తగులుతుంది. ఇప్పుడు దీనిని ఇంటర్ పూర్తిచేసిన మా అబ్బాయికి ఇచ్చాము. జీటీఏ ఫైవ్, ఆ తరువాత వచ్చిన కొన్ని ఆటలు ఆడాలని వాడి కోరిక. ఒక దుకాణంవారు రెండు ఫ్యాన్ల పెద్ద గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే విడి బోర్డు), కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయించమన్నారు. మరొకరు మొత్తం పాత సామానుకు ఇచ్చేయమన్నారు. మేము 12 వేలకు మించి పెట్టలేము. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: పాత సామానుకు ఇవ్వకండి, పెద్ద కార్డూ కొనకండి. జీటీఏ ఫైవ్ 2015లో కంప్యూటర్లకు వచ్చినప్పుడు, ఆట సాఫీగా నడవాలంటే ఉండాలని తయారీదారులు సూచించిన ఇంటెల్ ప్రాసెసర్ సరిగ్గా మీ దగ్గరున్న ఐ5-3470. లోటు బొమ్మ గీసే భాగంలోనే ఉంది. మీ ప్రాసెసర్‌లో కలిసివచ్చిన హెచ్‌డీ 2500 గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు; ఉన్న ర్యామ్‌లోంచే పంచుకుని, ఆఫీసు పనికి సరిపోయేంత మాత్రమే చేయగలదు.

అయితే కార్డు పేరు ఎంచుకోవడానికి ముందు డబ్బా పక్క రేకు విప్పి చూడమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. విజయనగరంలో మా వీధి కుర్రవాడు ఒకడు రెండేళ్లు దాచుకున్న డబ్బుతో విశాఖ వెళ్లి కార్డు తెచ్చుకుంటే, దానికి ఆరు పిన్నుల కరెంటు తీగ కావలసివచ్చింది, వాడి ఎస్‌ఎంపీఎస్‌లో ఆ తీగే లేదు, దుకాణంవారు తిరిగి తీసుకోలేదు. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మదర్‌బోర్డు మీది పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తనంతట తాను కార్డుకు 75 వాట్ల వరకు కరెంటు ఇవ్వగలదు. అంతకు మించి కావలసిన కార్డులకే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి. మీ ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పిన లెక్క 77 వాట్లు. 75 వాట్ల కార్డు, డిస్కు, ఫ్యాన్లు, బోర్డు అన్నీ కలిపినా సుమారు 200 వాట్లు దాటదు కనుక మీ 275 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. దానిని మార్చాలన్న సలహాలో ఇంకొక ప్రమాదం ఉంది. కంపెనీ తయారుచేసిన ఆఫీసు కంప్యూటర్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, బోర్డుకు తగిలే పిన్నులు వాటికే ప్రత్యేకంగా ఉంటాయి. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ వాటిలో పట్టకపోవచ్చు, పట్టినా తగలకపోవచ్చు.

కాబట్టి మీరు వెతకవలసినది విడి తీగ అక్కరలేని కార్డు. నా ఎంపిక ఎన్‌విడియా కంపెనీది, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, 4 జీబీ మెమరీతో. ఇందులోనూ కొన్ని మోడళ్లకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఆ సాకెట్ లేని మోడల్‌నే చేతిలోకి తీసుకుని చూసి కొనండి. 2016 నాటి 1050 టీఐ కూడా నడుస్తుంది కానీ, ఆ తరం కార్డులకు ఆటల కోసం కొత్త డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఎన్‌విడియా 2025లో ఆపివేసింది కనుక ఇప్పుడు దానికి డబ్బు పెట్టవద్దంటాను. ఆర్‌ఎక్స్ 6400 తక్కువ కరెంటుతో నడిచే మంచి కార్డే. కాని అది స్లాట్‌లోని 16 దారులలో నాలుగింటినే వాడుకుంటుంది, మీ పాత తరం బోర్డులో ఆ నాలుగు దారుల వేగమూ సగమే ఉండడంవల్ల దాని సత్తా కొంత వృథా అవుతుంది.

మీ మానిటర్ పాతదని చిన్నబుచ్చుకోకండి. 1366×768 అంటే తెర మీద సుమారు 10.5 లక్షల చుక్కలు. ఇప్పుడు అందరూ కొనే 1920×1080 తెర మీద 20.7 లక్షలు. ప్రతి బొమ్మకూ గీయవలసిన చుక్కలు సగమే కనుక చిన్న కార్డు కూడా మీ తెర మీద తేలికగా పరుగెడుతుంది. చిక్కల్లా తీగతోనే. ఈ కార్డులకు వీజీఏ సాకెట్ ఉండదు కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కొనాలి. ఆ తీగను బోర్డు వెనక పాత చోట కాక కార్డు మీదనే తగిలించాలి. లేకపోతే కార్డు ఖాళీగా కూర్చుంటుంది, ఆట పాత గ్రాఫిక్స్ మీదే నడుస్తుంది.

మీ 12 వేలూ కార్డుకే పెట్టేయకండి. హార్డ్ డిస్క్ స్థానంలో 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) వేస్తే కంప్యూటర్ మొత్తానికి ప్రాణం వస్తుంది. ఇంకొక 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌ను జతగా వేస్తే ర్యామ్ రెండు దారుల్లో పనిచేస్తుంది. కార్డు వాడినదైతే ఈ మూడూ మీ లెక్కలో ఇమిడే వీలు ఉంటుంది.

మిల్లు గదిలో ఏళ్లతరబడి ఉన్న కంప్యూటర్ కనుక, లోపల ఫ్యాన్ రెక్కల వెనక ఊక ధూళి అట్టకట్టి ఉంటుంది. కరెంటు తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేయించండి. ప్రాసెసర్ మీది, వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అదీ మార్పించండి. కొత్త కార్డును బోర్డు గుర్తించకపోతే బయోస్‌ను (బోర్డును మొదట మేల్కొలిపే ప్రోగ్రామును) నవీకరించాలి. ఆ పనిమాత్రం యూపీఎస్ లేకుండా గానీ, గాలివాన సూచనలున్న రోజున గానీ చేయవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

మీ అబ్బాయికి ఒక మాట ముందే చెప్పండి. జీటీఏ ఫైవ్‌లో 2025లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ రూపం ఇంతకంటే బలమైన ప్రాసెసర్‌ను అడుగుతుంది కనుక, పాత లెగసీ రూపాన్నే దించుకోవాలి. కొన్ని కొత్త ఆటలు ఏవీఎక్స్2 అనే ఆదేశాల సముదాయం లేని ప్రాసెసర్ మీద తెరుచుకోవు. మీ ప్రాసెసర్‌లో అది లేదు. రే ట్రేసింగ్ (వెలుగు పడే తీరును లెక్కకట్టి గీసే పద్ధతి) తప్పనిసరి చేసిన ఆటలకు 1650 చాలదు. ఈ రెండు తరగతులను వదిలితే, 2012 నుంచి 2019 వరకు వచ్చిన ఆటల్లో చాలా భాగం వాడికి అందుబాటులో ఉంటుంది.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్పించవచ్చా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: లేదమ్మా. దాదాపు అన్ని లాప్‌టాప్‌లలోనూ గ్రాఫిక్స్ చిప్‌ను బోర్డుకే అతికిస్తారు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచుకోవడమే మీ చేతిలో ఉన్నది.

ప్రశ్న: వాడిన 1650 కార్డు ఒకటి అమ్మకానికి ఉంది. ఎలా పరీక్షించాలి?
— ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: అమ్మేవారి ఇంట్లోనే, నడుస్తున్న కంప్యూటర్‌లో పెట్టించి చూడండి. పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించి అమ్మిన నకిలీ కార్డులు బజారులో ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చాలావరకు పట్టిస్తుంది. తరువాత ఏదైనా బరువైన ఆటను అరగంట ఆడించి, తెర మీద గళ్లు, గీతలు వస్తున్నాయేమో చూడండి, ఫ్యాన్ చప్పుడు వినండి. కార్డు తీసి వెనక స్క్రూల తలలను గమనించండి. అరిగి ఉంటే దానిని ఎవరో ముందే విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడిగి, జవాబు నమ్మకంగా లేకపోతే వెనుదిరిగి వచ్చేయండి.