1960లో తయారై 1961లో రిజిస్టరైన కారు ఏ క్లాసులోకి వస్తుంది?

మీ కారు 1960 నవంబరులో ఫ్యాక్టరీ దాటింది, రిజిస్ట్రేషన్ 1961 మార్చిలో అయింది, పాతకార్ల ర్యాలీ ఎంట్రీ ఫారంలో క్లాసు ఇ రాయాలా ఎఫ్ రాయాలా అన్నదే కదండీ మీ సందేహం? ఇ రాయండి. ఫివా (పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య) లెక్కలో 1946 నుంచి 1960 దాకా ఇ, 1961 నుంచి 1970 దాకా ఎఫ్. చూసేది తయారీ తేదీ, నంబరు ప్లేటు వచ్చిన రోజు కాదు. ఛాసిస్ నంబరుకి కంపెనీ ఇచ్చిన తయారీ పత్రం ఉంటే జతచేయండి, వాదన ఉండదు.

అయితే ఒక మెలిక. ఎఫ్‌ఐఏ (మోటార్ క్రీడల అంతర్జాతీయ సమాఖ్య) కాలవిభజన వేరు, అందులో ఇ 1961 దాకా సాగుతుంది. కాబట్టి మీ ర్యాలీ ఏ పద్ధతి పాటిస్తుందో నిబంధనల్లో ముందు చూసుకోండి. కొందరు నిర్వాహకులు ఇంజిన్ సీసీని బట్టీ, దూరం కొలిచే ఎలక్ట్రానిక్ ట్రిప్‌మీటర్ వాడకాన్ని బట్టీ మళ్లీ విడగొడతారు.

క్లాసు కన్నా నేను ముందు వెతికేది వయసు గుణకం, అంటే తప్పిన సెకన్లను హెచ్చించే అంకె. కొన్ని ర్యాలీల్లో 1 పక్కన దశాంశంగా తయారీ సంవత్సరం చివరి రెండంకెలు వేస్తే అదే గుణకం: మీకు 1.60, 1970 కారుకి 1.70. ఇద్దరూ నిర్ణీత సమయాన్ని 20 సెకన్లు తప్పితే (ముందొచ్చినా తప్పే!) మీకు 32 పెనాల్టీ పాయింట్లు, వాళ్లకి 34. పొరపాటున 1961 రాస్తే ఇక్కడా కాస్త నష్టమే.