ఆధునిక సమాజంలో మతం ఇంటి గుమ్మం దాటి బయటికి రావచ్చా?

గుమ్మం దాటడం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మా అపార్ట్‌మెంట్లో అది గుమ్మం దాటి, లిఫ్టు దిగి, సెల్లార్లో నా స్కూటర్ పెట్టుకునే చోటుకొచ్చి కూర్చుంది. చవితి అయిపోయి వినాయకుడు నిమజ్జనానికి వెళ్ళిపోయినా, ఆయన బల్ల మాత్రం ఏడాది పొడుగునా అక్కడే.

మాది విశాఖపట్నం మురళీనగర్, 24 ఫ్లాట్లు. 2017లో నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. అదేదో పదవి అనుకోకండి, మీటింగుకి ఆలస్యంగా వచ్చినవాడి మెడకి చుడతారు. పాత లెక్కలు తిరగేస్తే ఏటా ఒక పద్దు: 'ఇతర ఖర్చులు – 12,000'. అంటే చవితి. ఇంటికి 500 చొప్పున మెయింటెనెన్సులోంచే లాగేశారు. అందులో రెండో అంతస్తు నర్సు గారి 500 కూడా ఉంది. ఆవిడ క్రిస్టియన్. ఏడేళ్ళుగా కడుతున్నారు, ఒక్క మాట అనలేదు.

ఆ డిసెంబర్లో మొదటిసారి ఆవిడ నోరు తెరిచారు. "చర్చి పిల్లలొస్తారండి, సెల్లార్లో ఓ అరగంట క్యారల్స్ పాడుకుంటాం." అంతే, మీటింగు. నీళ్ళ ట్యాంకర్ నాలుగు రోజులు రాకపోయినా కదలని జనం దీనికి మాత్రం దిగొచ్చారు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "సెల్లార్ అందరిదీ అండి. అందులో మతానికి సంబంధించినవి వద్దు. మనది సెక్యులర్ దేశం కదా" అన్నారు. ఆయన తల మీదే చవితినాటి రంగుకాగితాల తోరణాలు ఫ్యాను గాలికి గలగలమంటున్నాయి. వాచ్‌మన్ పైకి చూసి, "బాబూ, అయితే ఇవి పీకీమంటారేటి?" అన్నాడు, పాపం నిజంగానే అడిగాడు. నేనొక్కణ్ణే నవ్వాను. దాన్ని ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

నవ్వాక ఊరుకోవచ్చుగా! రాజ్యాంగం ఎత్తాను. సెక్యులర్ అనే మాట 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చిందని అందరూ దాని మీదే కొట్టుకుంటారు. 27వ అధికరణం సంగతి ఎవరూ ఎత్తరు. అది 1950 నుంచీ ఉంది. ఏదో ఒక మతాన్ని పోషించడానికే ఖర్చుపెట్టే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. "మరి నర్సు గారి 500 సంగతేంటి?" అన్నాను. మూడో అంతస్తు లాయరు గారు చల్లగా, "అది ప్రభుత్వానికండి, అసోసియేషన్‌కి కాదు" అన్నారు. కాకపోతే కాకపోనీ. మెయింటెనెన్సు కట్టకపోతే వీళ్ళు నీళ్ళు ఆపేస్తారు, ప్రభుత్వం మాత్రం అంతకంటే ఏం చేస్తుంది?

నేను పెరిగింది వన్‌టౌన్‌లో. హార్బర్లోకి ఓడలొచ్చే దారి పక్కన మూడు కొండలు, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత. మా మామ్మ మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మికి తన చేత్తోనే పసుపు రాసేది. అక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరైనా తాకి పూజ చేసుకోవచ్చు. మాకు జ్వరమొస్తే అదే మామ్మ దర్గా కొండెక్కించేది. ఇలాంటివి చూసి మతసామరస్యం అంటూ వ్యాసాలు రాసేవాళ్ళంటే నాకు చిరాకు. మామ్మకి మనవడి జ్వరం తగ్గాలి, ఎవరు తగ్గిస్తే వాళ్ళకి దండం. కాకపోతే కొబ్బరికాయ తన కొంగుముడిలో డబ్బుతోనే కొనేది.

నా జవాబు కూడా అదే. మతం వీధిలోకి నిక్షేపంగా రావచ్చు, తన ఖర్చుతో, మైకు లేకుండా. మైకంటే గుర్తొచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మా చుట్టుపక్కల ఏ దేవుడి మనుషులూ దాన్ని లెక్కచెయ్యరు, ఆ విషయంలో అందరూ ఒక్కటే.

క్యారల్స్‌కి చివరికి ఒప్పుకున్నారు. 20 నిమిషాలు, మైకు లేదు. ఆ రోజు గురువారం. ప్రెసిడెంటు గారి భార్య బురుజుపేట నుంచి అప్పుడే వచ్చి, ప్రసాదం సంచితోనే నిలబడి ఆఖరి పాట దాకా విన్నారు. మర్నాడు నేను నోటీసు అంటించాను: చవితికీ ఇదే రూలు, చందా విడిగా, మైకు లేదు.

మార్చిలో ట్రెజరర్ మారారు. కొత్తాయన పుస్తకం చూశాను. 'ఇతర ఖర్చులు' పోయింది. దాని చోట 'సాంస్కృతిక కార్యక్రమాలు – 14,400' అని ఉంది, ఇంటికి 600. నర్సు గారు కడుతూనే ఉన్నారు. బల్ల అక్కడే ఉంది, నా స్కూటర్ బయట ఎండలో ఉంది.