బీకాం తర్వాత ఎంబీబీఎస్: కోచింగ్ ఫీజు కట్టేముందు ఇంటర్ మెమో సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: మిర్యాలగూడ, ఇంటర్ సీఈసీ, బీకాం అయిపోయింది; ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ రాయొచ్చా, హైదరాబాద్ వెళ్లి లాంగ్ టర్మ్ (ఏడాది పొడవునా సాగే నీట్ కోచింగ్)లో చేరాలా అని.

రాయొచ్చు. లాంగ్ టర్మ్‌కు మాత్రం అప్పుడే డబ్బు కట్టకండి. మీ బీకాం అడ్డమూ రాదు, అక్కరకూ రాదు. పైవయసు పరిమితి లేదు. కావలసిందల్లా ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ పాసైనట్టు కాగితం. అందులో మీకు ఇంగ్లిష్ ఒక్కటే ఉంది.

ఇంటర్ బోర్డులో హాజరు మినహాయింపుతో ప్రైవేటుగా పరీక్షకు కట్టడం ఆర్ట్స్ గ్రూపులకే. బైపీసీకి ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టి కుదరదు. మీకు దారి ఓపెన్ స్కూలే. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పార్ట్ అడ్మిషన్ (కావలసిన సబ్జెక్టులకే చేరడం) తీసుకుంటే ఫిజిక్స్ (కోడ్ 312), కెమిస్ట్రీ (313), బయాలజీ (314) మూడే రాసుకోవచ్చు. ‘రెగ్యులర్‌గా చదివి ఉండాలి’ అని కోచింగ్ సెంటర్లలో ఇంకా అంటుంటారు, అది పాత మాట. ఓపెన్ స్కూల్ వాళ్లను ఆపే నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టేసింది. ఇంటర్ అయ్యాక అదనపు సబ్జెక్టులుగా పాసైనా చాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబర్‌లో ప్రకటించింది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎన్‌ఐఓఎస్‌లో పాసు మార్కు 33 శాతం. ఎంబీబీఎస్ సీటుకు ఆ మూడు సబ్జెక్టులు కలిపి జనరల్‌కు 50, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉండాలి. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఈ మెమోలో తక్కువుంటే కౌన్సెలింగ్‌లో పక్కన పెడతారు. థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి. అందుకని స్టడీ సెంటర్ ఎంచుకునేముందు ల్యాబ్ నిజంగా నడుస్తుందా అని వెళ్లి చూడండి. సాల్ట్ అనాలిసిస్, టైట్రేషన్, వెర్నియర్, స్క్రూ గేజ్ పుస్తకంలో చదివితే చేతికి రావు.

ఏప్రిల్-మే పరీక్షలకు కట్టుకుంటే నీట్ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చి పడుతుంది. అక్టోబర్-నవంబర్‌కు కట్టి, అది ముగించుకుని తర్వాతి మే నీట్‌కు కూర్చోవడం మేలు.

లోకల్ కోటా సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. తెలంగాణలో మెడికల్ సీట్లు కేటాయించే కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో స్థానికతకు, అర్హత పరీక్షతో (నీట్ కాదు, ఇంటర్ స్థాయి పరీక్ష) ముగిసే వరుస 4 ఏళ్ల చదువు చూస్తారు. ఆ 4 ఏళ్లలో కాలేజీలో లేని కాలం ఉంటే, పరీక్షకు ముందు 4 ఏళ్లూ ఇక్కడే ఉన్నట్టు నివాస రుజువు కావాలి. మీసేవలో అర్జీ పెట్టి తహసీల్దార్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, డిగ్రీ కాలేజీ స్టడీ సర్టిఫికెట్లూ ఉంచుకోండి. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఏ నమూనా అడిగారో చూసి మరీ తెచ్చుకోవాలి.

ఇక చదువు. 2025 నీట్ పద్ధతిలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. బయాలజీ ఒక్కటే 360. తప్పుకు 1 మార్కు కోత. కామర్స్ నుంచి వచ్చినవాళ్లకు బయాలజీ చదువుతుంటే ముందుకు పోతున్నట్టే ఉంటుంది, అందుకే పొద్దంతా అదే పట్టుకుంటారు. సీటు పోయేది ఫిజిక్స్‌లో. మీరు లెక్కలు పదో తరగతిలో వదిలేశారు కాబట్టి మొదటి నెల ఫిజిక్స్ పుస్తకం తెరవకుండా లెక్కలే చేయండి: త్రికోణమితి, లాగరిథమ్స్, 10కి ఘాతాలు (10², 10³ లాంటివి), వెక్టర్లు, గ్రాఫ్ వాలు, డిఫరెన్షియేషన్-ఇంటిగ్రేషన్ మొదటి మెట్టు. కాలిక్యులేటర్ ఉండదు. ఫార్ములా వచ్చినవాళ్లు కూడా సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా లెక్క మొదలుపెట్టి మార్కు పోగొట్టుకుంటారు. ఆ తర్వాత కైనమాటిక్స్, న్యూటన్ నియమాలు, పని-శక్తి ఈ వరుసలోనే.

కెమిస్ట్రీలో మోల్ కాన్సెప్ట్ గట్టిపడందే ఈక్విలిబ్రియం, ఎలక్ట్రోకెమిస్ట్రీ ముట్టుకోవద్దు. 18 గ్రాముల నీళ్లంటే ఒక మోల్, అంటే 6.022 × 10²³ అణువులు. ఇలాంటి లెక్క నోటితో వచ్చేదాకా చేయాలి.

బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాక్యం వాక్యం చదవాలి, బొమ్మల కింద రాతలతో సహా. తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ అర్థం కానిచోట సాయానికి బాగుంటాయి. నీట్ తెలుగులోనూ రాయొచ్చు గానీ, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రమాణం. పైగా ఎంబీబీఎస్ అంతా ఇంగ్లిషే. పదాలు ఇంగ్లిష్‌లో నేర్చుకుంటూ వివరణ తెలుగులో వినండి.

లాంగ్ టర్మ్ ఎప్పుడంటే, ఓపెన్ స్కూల్ పరీక్ష అయిపోయి, ఫిజిక్స్ పాత పేపర్లో సగం దాకా సొంతంగా చేయగలిగినప్పుడు. అక్కడ పాఠాలు బైపీసీ చదివొచ్చిన పిల్లల వేగంతోనే నడుస్తాయి, మీకోసం ఆగవు.