అన్‌లాక్ చేసినా మళ్లీ లాకే!

ప్రశ్న: మా ఆఫీసులో విండోస్ డొమైన్ (అందరి అకౌంట్లనూ ఒకేచోట నిర్వహించే నెట్‌వర్క్) ఉంది. అకౌంట్స్ విభాగంలో ఒకావిడ పాస్‌వర్డ్ మార్చుకున్నప్పటి నుంచి ఆవిడ అకౌంట్ రోజూ లాక్ అవుతోంది. అన్‌లాక్ చేసిన కాసేపటికే మళ్లీ అదే కథ. లాకౌట్ పాలసీ (తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొడితే అకౌంట్ లాక్ చేసే నియమం) తీసేయమని మేనేజర్ అంటున్నారు. తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి. ఎవరో వరసపెట్టి పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి లోపలికి చొరబడకుండా ఆపేది ఆ పాలసీయే. ఒక్కరి ఇబ్బంది కోసం అందరి తలుపుల గడియలూ తీసేయడం సరికాదు. ఆవిడని కూడా ఏమీ అనకండి. మార్చిన రోజు నుంచే మొదలైందంటే, ఏదో మెషీన్ పాత పాస్‌వర్డ్ దాచుకుని ఇంకా పంపుతూ ఉండొచ్చు. దాన్ని పట్టుకోవాలి.

లాగిన్‌లను సరిచూసే సర్వర్లే డొమైన్ కంట్రోలర్లు. వాటిలో పీడీసీ ఎమ్యులేటర్ అనే ప్రత్యేక పాత్ర ఉన్నదాని దగ్గర మొదలుపెట్టండి. లాకౌట్ ఎక్కడ జరిగినా ఆ కబురు వెంటనే దానికి చేరుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4740 నంబర్‌తో (అకౌంట్ లాకైందని చెప్పే ఈవెంట్) ఫిల్టర్ చేస్తే, కాలర్ కంప్యూటర్ నేమ్ అనే చోట మెషీన్ పేరుంటుంది. అక్కడికి వెళ్లి 4625 ఈవెంట్లు, అంటే విఫలమైన లాగిన్‌లు, చూడండి. లాగాన్ టైప్ 4 అయితే షెడ్యూల్డ్ టాస్క్, 5 అయితే సర్వీస్, 3 అయితే నెట్‌వర్క్ మీదుగా వచ్చిన ప్రయత్నం. 4740లో పేరు ఖాళీగా ఉంటే కంట్రోలర్లలో 4771 (కెర్బెరోస్ అనే లాగిన్ పద్ధతిలో విఫలమైన ప్రయత్నం) వెతకండి. ఫెయిల్యూర్ కోడ్ 0x18, అంటే తప్పు పాస్‌వర్డ్, ఉన్నవాటిలో ఐపీ అడ్రస్ దొరుకుతుంది. అసలు ఈవెంట్లే లేకపోతే ఈవెంట్లను నమోదు చేయించే ఆడిట్ పాలసీ ఆన్‌లో ఉందా, లాగ్ సైజు మరీ చిన్నదై పాతవి చెరిగిపోతున్నాయా చూసుకోండి.

నేనైతే ముందు అనుమానించేది సైన్ అవుట్ చేయకుండా విండో మూసేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌ని. అది పాత పాస్‌వర్డ్‌తో సర్వర్‌లో అలాగే బతికి ఉంటుంది. తర్వాత విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు, ఫోన్‌లోని మెయిల్. ఒకచోట నేను చూసిన కేసులో, అందరూ మరచిపోయిన సర్వర్‌పై బ్యాకప్ టాస్క్ ఒక ఉద్యోగి పేరుతో నడుస్తోంది. పాపం, ఆయన రోజూ లాగిన్ కాలేక టెన్షన్ పడేవాడు. టాస్క్‌లకు, సర్వీసులకు మనుషుల అకౌంట్లు వాడకండి. విండోస్ సర్వర్ 2012 నుంచి వీటికోసమే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు ఉన్నాయి. వాటి పాస్‌వర్డ్‌ని మామూలుగా 30 రోజులకోసారి విండోసే మార్చుకుంటుంది.

పాత పాస్‌వర్డ్ తీసేశాకే అన్‌లాక్ చేయండి.

ప్రశ్న: ఉద్యోగుల కంప్యూటర్లలో (క్లయింట్ మెషీన్లలో) రెండో డీఎన్ఎస్‌గా, అంటే పేర్లకు అడ్రస్‌లు చెప్పే సర్వర్‌గా, గూగుల్ వారి 8.8.8.8 ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డులు మీ లోపలి డీఎన్ఎస్‌లోనే ఉంటాయి. బయటి సర్వర్‌కి అవి తెలియవు. క్లయింట్ దాన్ని అడిగిందంటే లాగిన్ ఆలస్యమవుతుంది, గ్రూప్ పాలసీ (ఆఫీసు పెట్టే సెట్టింగ్‌లు) అందదు. రెండోదిగా మరో డొమైన్ కంట్రోలర్‌ని ఇవ్వండి. 8.8.8.8 కావాలంటే డీఎన్ఎస్ సర్వర్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను అది అడిగే సర్వర్‌గా) పెట్టుకోండి.